ఒక్క నిమిషం క్వార్టెట్: వేగం, శ్రుతి, భావం మన చెవితో మనమే పట్టుకోవడం ఎలా

మ్యూజిక్ యాప్‌లోనో పాటల వివరాలిచ్చే సైట్‌లోనో ఏ ట్రాక్ తెరిచినా పక్కన మూడు గడులు కనిపిస్తాయి: టెంపో (వేగం), కీ (పాట ఏ స్వరాన్ని ఇల్లు చేసుకుందో), మూడ్ (భావం). నిమిషానికి ఇన్ని బీట్లు, ఫలానా మేజర్ లేదా మైనర్, ఆ తర్వాత హుషారుగా ఉందనో దిగులుగా ఉందనో ఒక మాట. డాన్స్ పాటకు ఆ మూడూ చాలావరకు సరిపోతాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చిన ఆధునికవాద స్ట్రింగ్ క్వార్టెట్ (రెండు వయొలిన్లు, వాటికంటే కాస్త పెద్దదైన వయోలా, ఇంకా పెద్దదైన చెల్లో కలిసి వాయించే రచన) దగ్గరికి వచ్చేసరికి మాత్రం అవే గడులు మనల్ని తప్పుదోవ పట్టిస్తాయి. అంకె తప్పని కాదు, ఆ అంకె దేన్ని కొలిచిందో అక్కడ రాసి ఉండదు.

ఈ మూడింటినీ సొంత చెవితో తేల్చుకునే పద్ధతి ఒకటి రాస్తున్నాను. దానికి ఒకే ఒక్క ముక్కను తీసుకున్నాను: రష్యన్ స్వరకర్త ఈగోర్ స్ట్రావిన్‌స్కీ 1914లో స్విట్జర్లాండ్‌లో ఉండగా రాసిన 'స్ట్రింగ్ క్వార్టెట్ కోసం మూడు ముక్కలు'లో మొదటిది. నిడివి సుమారు ఒక నిమిషం. అంతకుముందు ఏడాది, 1913 మే 29న, పారిస్‌లో ఆయన బాలే 'వసంతారాధన' తొలి ప్రదర్శన పెద్ద గలాటా రేపింది. అంత భారీ ఆర్కెస్ట్రా తర్వాత నాలుగే వాద్యాలతో ఇంత చిన్న రచన చేశాడు. చిన్నది కాబట్టి ఒక సాయంత్రం ఇరవైసార్లు వినొచ్చు. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ముక్క నాకు తెలియదు.

కావలసినవి: హెడ్‌ఫోన్స్, ఒక నోట్‌బుక్, ఫోన్‌లో స్టాప్‌వాచ్, మెట్రోనోమ్ యాప్ (పెట్టిన వేగానికి టిక్ టిక్ కొట్టేది), చిన్న కీబోర్డు (ఫోన్‌లోని కీబోర్డు యాప్ అయినా చాలు). స్కోరు (సంగీతం రాసిన కాగితం) దొరికితే మంచిదే, కానీ మొదటి రెండు రోజులు దాన్ని తెరవకండి. ముందే చూస్తే చెవి బద్ధకిస్తుంది.

మొదటి అడుగు: ఎవరు ఏం చేస్తున్నారో విడదీయడం

వేగం కొలవడానికి ముందు నాలుగుసార్లు వినండి. ప్రతిసారీ ఒక్క వాద్యాన్నే పట్టుకోండి.

మొదటిసారి చెల్లో. అన్నిటికంటే కింది స్థాయిలో, మూడే స్వరాలతో, ఒకే నమూనాను తిప్పి తిప్పి వాయిస్తుంటుంది. రెండోసారి వయోలా. అది డి అనే స్వరాన్ని వదలదు. తంబూరా విని పెరిగిన చెవికి ఇది వెంటనే దొరుకుతుంది. మూడోసారి మొదటి వయొలిన్. ఒక జానపద నాట్యపు పాటలాంటిదాన్ని వాయిస్తుంది, అందులో మొత్తం నాలుగు స్వరాలే. నాలుగోసారి రెండో వయొలిన్. అది ఎక్కువసేపు ఊరుకుంటుంది, ఉన్నట్టుండి పైనుంచి కిందికి నాలుగు స్వరాలు విసిరి మళ్లీ ఊరుకుంటుంది.

నోట్‌బుక్‌లో నాలుగు వరుసలు గీసి, ఒక్కో వాద్యం గురించి ఒక్కో వాక్యం రాసుకోండి. తర్వాత చేసే పనంతా ఈ నాలుగు వాక్యాల మీదే నడుస్తుంది. మామూలు క్వార్టెట్‌లో నలుగురూ మాట్లాడుకుంటారు, ఒకరు అడిగితే ఇంకొకరు జవాబిస్తారు. ఇక్కడ ఎవరి పని వాళ్లదే. ఇది చెవికి అందాక మిగతా చిక్కులు చాలావరకు విడిపోతాయి.

రెండో అడుగు: వేగం

చెల్లో మీద చెవి పెట్టి వేలితో బల్ల మీద తట్టండి. స్టాప్‌వాచ్ పెట్టి సరిగ్గా పది సెకన్లలో ఎన్ని తట్లు పడ్డాయో లెక్కించి, ఆరుతో గుణించండి. స్కోరు మీద స్ట్రావిన్‌స్కీ ఇచ్చిన వేగం నిమిషానికి 126 క్వార్టర్ నోట్లు (ఇక్కడ ఒక్కో బీట్ ఒక క్వార్టర్ నోట్), అంటే పది సెకన్లకు 21 తట్లు. మీకు 20 వచ్చినా, 22 వచ్చినా కంగారు పడకండి. రికార్డింగ్‌ను బట్టి వేగం కొంచెం అటూ ఇటూ అవుతుంది, మన వేలు కూడా ఒకటి రెండు తట్లు ముందూ వెనకా పడుతుంది.

మీకు 63 దగ్గర వచ్చిందనుకోండి, రెండేసి బీట్లకు ఒకసారి తడుతున్నారన్నమాట. యాప్‌లు కూడా ఇక్కడే పొరపడతాయి. సాఫ్ట్‌వేర్ శబ్దంలోని కొట్లను చూసి, వాటి మధ్య ఎడం బట్టి వేగం అంచనా వేస్తుంది. అసలు వేగంలో సగమో రెట్టింపో చూపించడం వాటికి తరచుగా జరిగేదే. ఎవరైనా 63 అని రాస్తే అది తప్పుడు కొలత కాదు, ఏ కొట్టును లెక్కపెట్టాలో తేల్చుకోకుండా కొలిచినది.

ఆ తేడా ఎంత పెద్దదో ఇదే రచనలోని మూడు ముక్కలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. రెండో ముక్క వేగం నిమిషానికి 76 క్వార్టర్ నోట్లు. మూడోది 40 హాఫ్ నోట్లు. హాఫ్ నోట్ అంటే రెండు క్వార్టర్లు కాబట్టి, క్వార్టర్లలో చెప్తే మూడోది 80. కాగితం మీద రెండోదానికంటే మూడోదే వేగం! చెవికి మాత్రం మూడోది నెమ్మదిగా, ప్రార్థనలా కదులుతుంది. స్వరకర్త తూకాన్ని హాఫ్ నోట్ మీద పెట్టాడు, ఊపిరి అక్కడ పడుతుంది. అందుకే నా నోట్‌బుక్‌లో టెంపో అంకె పక్కన ఎప్పుడూ 'దేనికి?' అని ఒక ప్రశ్న రాసి, దానికి జవాబు నింపాకే ముందుకు వెళ్తాను.

ఇంకో పరీక్ష కూడా చేయండి. మొదట్లో పది సెకన్లు, మధ్యలో పది, చివర్లో పది విడివిడిగా కొలవండి. మూడు అంకెలూ దాదాపు ఒకటే వస్తాయి. రొమాంటిక్ కాలపు (పందొమ్మిదో శతాబ్దపు) క్వార్టెట్లలో వేగం భావంతోపాటు సాగుతుంది, కుంచించుకుంటుంది. ఇక్కడ అలా జరగదు. ఈ మూడు అంకెలు జాగ్రత్తగా ఉంచుకోండి, భావం దగ్గర మళ్లీ కావాలి.

మూడో అడుగు: ఆవర్తనం

వేగం దొరికిందని ఆగిపోతే సగం పనే అయినట్టు. అసలు సంగతి ఆ బీట్ల గుంపుల్లో ఉంది. నాకు ఈ ముక్క మీద ప్రేమ పుట్టింది కూడా ఇక్కడే.

చెల్లో నమూనా ఏడు బీట్లకు ఒకసారి తిరుగుతుంది. స్కోరులో బార్లు, అంటే నిలువు గీతలతో విడదీసిన బీట్ల గడులు, 3, 2, 2 బీట్లుగా రాసి ఉంటాయి. కర్ణాటక సంగీతంలో అలంకారాలు సాధన చేసినవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. త్రిపుట తాళం అలంకారం 'సరిగ సరి గమ' కూడా 3, 2, 2 గానే విడుతుంది. స్ట్రావిన్‌స్కీ మన తాళం తీసుకున్నాడని చెప్పడం నా ఉద్దేశం కాదు, అలాంటిదేమీ లేదు. కానీ మన చేతికి ముందే అలవాటైన లెక్క ఒకటి ఉన్నప్పుడు దాన్ని వాడుకోకపోవడం ఎందుకు? మెట్రోనోమ్‌ను 126 దగ్గర పెట్టి త్రిపుట తాళం వేస్తూ చెల్లోను వినండి. ఒక ఆవర్తనానికి మూడు సెకన్ల పైచిలుకు పడుతుంది. ఇందాక పది సెకన్లకు 21 తట్లు అన్నాం కదా, సరిగ్గా మూడు ఆవర్తనాలు.

ఇప్పుడు మొదటి వయొలిన్. దాని పాట తిరిగి మొదటికి రావడానికి 23 బీట్లు పడుతుంది, సుమారు పదకొండు సెకన్లు. దీన్ని లెక్కపెట్టడం కష్టం. నేను మొదట్లో ఒకసారి 22, ఒకసారి 24 తెచ్చుకుని, చివరికి కాగితం మీద గీతలు పెడుతూ విన్నాకే 23 అని తేలింది. మీరు కూడా అలాగే చేయండి: ప్రతి బీట్‌కు ఒక గీత, పాట మళ్లీ మొదలైందనిపించిన చోట గీత కింద చుక్క.

23లో మూడు ఏడులు పోగా రెండు మిగులుతాయి. అంటే పాట తిరిగి మొదలైన ప్రతిసారీ చెల్లో ఆవర్తనంలో రెండు బీట్లు తర్వాతికి జరిగి పడుతుంది. మొదటిసారి పాట మొదలైన బీట్‌ను ఒకటి అనుకుంటే, రెండోసారి మూడో బీట్ మీద, మూడోసారి అయిదో బీట్ మీద, నాలుగోసారి ఏడో బీట్ మీద ఎత్తుకుంటుంది. పాట అదే, కింది నమూనా అదే, అయినా రెండూ కలిసినప్పుడు ప్రతిసారీ కొత్త పొందిక వినిపిస్తుంది. రెండూ మళ్లీ మొదట్లోలా ఒకే చోట కలవాలంటే 161 బీట్లు గడవాలి, ఏడు ఇరవైమూళ్లు. 126 వేగంలో అది సుమారు 77 సెకన్లు. ముక్క అంతకుముందే ఆగిపోతుంది! కచేరీలో తనియావర్తనం (తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) చివర కోర్వై (ముగింపు లయ పదం) సమం (తాళం మొదటి దెబ్బ) మీద పడితే సభంతా ఊపిరి వదులుతుంది కదా, ఆ ఊపిరి ఇక్కడ మనకు దొరకదు. చక్రాలు తిరుగుతూ ఉండగానే తలుపు మూసేసినట్టు ముగుస్తుంది.

రెండో వయొలిన్ ఎక్కడెక్కడ దిగుతుందో కూడా అదే కాగితం మీద ఇంకో రంగుతో గుర్తు పెట్టండి. మొదటి వయొలిన్ పాటతో, చెల్లో ఆవర్తనంతో దాని గుర్తులు ఎలా కలుస్తున్నాయో చూడండి. దీని మీద నేను ఎక్కువ చెప్పను, గీసి చూసుకుంటేనే బావుంటుంది.

నాలుగో అడుగు: కీ, అంటే ఇల్లు ఎక్కడ?

కీబోర్డు తీయండి. ఒక్కో వాద్యం స్వరాలను వెతికి రాసుకోండి. ఇలా రావాలి (షార్ప్ అంటే ఆ స్వరానికి వెంటనే పై మెట్టు, ఫ్లాట్ అంటే వెంటనే కింది మెట్టు):

మొదటి వయొలిన్: జి, ఏ, బి, సి.
రెండో వయొలిన్: ఎఫ్ షార్ప్, ఇ, డి షార్ప్, సి షార్ప్, పైనుంచి కిందికి.
వయోలా: డి.
చెల్లో: సి, డి ఫ్లాట్, ఇ ఫ్లాట్.

ఇప్పుడు యాప్ ఈ ముక్కను 'జి మేజర్' అని ఎందుకు అనగలదో చూద్దాం. కీ కనిపెట్టే సాఫ్ట్‌వేర్ సాధారణంగా పన్నెండు స్వరస్థానాల్లో ఏది ఎంతసేపు మోగిందో లెక్కవేసి, పన్నెండు మేజర్, పన్నెండు మైనర్ కీల నమూనాలతో పోల్చి, దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుతుంది. పై పట్టికలో జి, ఏ, బి, సి, డి, ఇ, ఎఫ్ షార్ప్ ఏడూ ఉన్నాయి. అది జి మేజర్ స్కేలే. ఎక్కువసేపు మోగేవి మొదటి వయొలిన్ పాట, వయోలా డి కాబట్టి ఆ జవాబు వస్తే ఆశ్చర్యం లేదు. కానీ ఆ జవాబు మిగతా సంగతినంతా తుడిచేస్తుంది.

ఇంకొంచెం చూడండి. మొదటి వయొలిన్ నాలుగు స్వరాల్లో ఒక్కటి కూడా రెండో వయొలిన్‌లో లేదు. ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని, ఒకరి పొలం గట్టు ఇంకొకరు తొక్కకుండా వాయిస్తున్నారు. చెల్లో స్వరాల్లో సి ఒక్కటి మొదటి వయొలిన్‌తో కలుస్తుంది. మిగతా రెండూ, డి ఫ్లాట్, ఇ ఫ్లాట్, పేర్లు వేరైనా కీబోర్డు మీద రెండో వయొలిన్ వాయించే సి షార్ప్, డి షార్ప్ మెట్లే. అంటే పై నుంచి వచ్చే గొంతు, కింద నుంచి వచ్చే గొంతు రెండూ కలిసి మధ్యలోని పాటను పరాయి స్వరాలతో చుట్టేస్తున్నాయి. మొత్తం తొమ్మిది స్వరస్థానాలు వాడాడు. వదిలేసినవి మూడే: ఎఫ్, జి షార్ప్, ఏ షార్ప్.

సరిగమల్లో చెప్పుకుంటే ఇది ఇంకా స్పష్టం. జిని షడ్జం అనుకోండి. మొదటి వయొలిన్ వాయించేది స రి గ మ: చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం. వయోలా పంచమం పట్టుకుంది. ఇంతవరకు హాయిగా ఉంది. ఇప్పుడు చెల్లో కింద శుద్ధ మధ్యమం, ప్రతి మధ్యమం, శుద్ధ ధైవతం తిప్పుతుంటే, రెండో వయొలిన్ కాకలి నిషాదం నుంచి రెండు ధైవతాల మీదుగా ప్రతి మధ్యమానికి దూకుతుంది. పంచమం శ్రుతిగా మోగుతుండగా దానికి అటు పక్క ప్రతి మధ్యమం, ఇటు పక్క శుద్ధ ధైవతం ఒరుసుకుంటున్నాయి. ఆ ఒరిపిడే ఈ ముక్క రుచి.

చేయాల్సిన పని: ముక్క వింటూ ఒకసారి మొదటినుంచి చివరిదాకా జిని గొంతులో పట్టుకుని 'ఊఁ' అనండి. తర్వాత డిని అలాగే పట్టుకోండి. చివరగా చెల్లోలోని సి. ఏ స్వరం దగ్గర గొంతుకు సుఖంగా ఉంది? మూడు చోట్లా కొంత సుఖం, కొంత ఇబ్బంది ఉంటాయి. పాట వైపు చూస్తే జి ఇల్లనిపిస్తుంది, శ్రుతి వైపు చూస్తే డి. ఇలాంటి సందిగ్ధం వస్తే నోట్‌బుక్‌లో బలవంతంగా ఒకే పేరు రాయకండి. నేను కీ గడిలో ఇలా రాసుకున్నాను: 'డి శ్రుతి మీద జి నుంచి సి దాకా నాలుగు స్వరాల పాట, కిందా పైనా పరాయి స్వరాలు.' ఇది 'జి మేజర్' కంటే పొడుగే, కానీ దీన్ని చదివితే ముక్క చెవుల్లో మళ్లీ మోగుతుంది.

అయిదో అడుగు: భావం, అన్నిటికంటే చివర

చాలామంది మూడ్‌తో మొదలుపెడతారు, ఎందుకంటే అది తేలిక అనిపిస్తుంది. మొదటిసారి విన్నప్పుడు నేనూ నోట్‌బుక్‌లో 'టెన్షన్' అని రాసి పక్కన పెట్టేశాను. ఆ మాట ఆధునికవాద సంగీతంలో సగానికి అంటించొచ్చు, కాబట్టి దానివల్ల ఏమీ తెలియదు. వేగం, ఆవర్తనం, స్వరాలు చేతికి వచ్చాక భావం గురించి అడిగితే వేరే జవాబు వస్తుంది.

ఈ ప్రశ్నలు వేసుకోండి. స్వరకర్త పైన భావాన్ని సూచించే మాట ఏదైనా రాశాడా? ఈ ముక్కకు పేరు లేదు, పైన వేగం మాత్రమే ఉంది. సంగీతం ఎక్కడికైనా చేరుకుంటోందా? లేదు, శిఖరం అంటూ ఏదీ రాదు, చక్రాలు తిరుగుతాయంతే. నలుగురూ ఒకరికొకరు స్పందిస్తున్నారా? లేదు. వేగం భావంతో కదులుతోందా? ఇందాకటి మూడు అంకెలు చూడండి, కదలడం లేదు. స్వరాలు ఒకదానికొకటి సర్దుకుంటున్నాయా? ఒరుసుకుంటూనే ఉన్నాయి.

ఈ జవాబులన్నీ కలిపితే 'టెన్షన్' సరిపోదని తెలుస్తుంది. టెన్షన్ అంటే ఏదో జరగబోతోందన్న ఎదురుచూపు. ఇక్కడ అలాంటి ఎదురుచూపు ఏమీ లేదు. ఊరి సంతలో ఒక ఫిడేలువాడు నాట్యపు పాట వాయిస్తున్నాడు, పక్కనే ఇంకేదో చక్రం తిరుగుతోంది, ఎవరో అప్పుడప్పుడు అడ్డంగా అరుస్తున్నారు, ఎవరికీ ఎవరితో పని లేదు. అందులో హుషారు ఉంది, కాని ఆప్యాయత లేదు. నేను చివరికి రాసుకున్నది: 'పట్టించుకోని హుషారు'. తర్వాత ఈ ముక్కలనే ఆర్కెస్ట్రాకు మార్చినప్పుడు స్ట్రావిన్‌స్కీ మొదటిదానికి 'నృత్యం' అని అర్థం వచ్చే ఫ్రెంచి పేరు పెట్టాడు. ఆ పేరు ముందే తెలిసుంటే నా చెవి అదే వెతికేది. అందుకే శీర్షికలు, కవర్ మీద రాసే వివరణలు చివర చదవమంటాను.

పక్క ముక్కలు ఇందుకు బాగా పనికొస్తాయి. రెండోదానికి ప్రేరణ లిటిల్ టిచ్ అనే ఇంగ్లిష్ విదూషకుడు. 1914లో స్ట్రావిన్‌స్కీ లండన్‌లో అతని ప్రదర్శన చూశాడు. ఆ సంగతి తెలియకుండా ముందు వినండి. ఉన్నట్టుండి ఆగడాలు, తూలడాలు, అంతలోనే ఒక గెంతు ఎక్కడెక్కడ ఉన్నాయో రాసుకోండి. ఆ తర్వాత విదూషకుడిని తలచుకుంటూ మళ్లీ వినండి. మొదటిసారి మీరు రాసిన మాటల్లో ఎన్ని నిలబడ్డాయో చూస్తే మీ చెవి మీద మీకు నమ్మకం కుదురుతుంది. ఆర్కెస్ట్రా రూపంలో మూడోదానికి పెట్టిన పేరుకు స్తోత్రగీతం అని అర్థం. ఇందాక 40 హాఫ్ నోట్ల దగ్గర మనకు వినిపించిన ప్రార్థన అదే.

ఆరో అడుగు: ఇదే పద్ధతి పనిచేయని చోట

ఈ పద్ధతిని ఇంకో ముక్క మీద పెట్టి చూడకపోతే అది ఒక్క ముక్కకే అతుక్కుపోతుంది. ఆస్ట్రియా స్వరకర్త ఆంటన్ వెబెర్న్ 1909లో రాసిన అయిదు భాగాల క్వార్టెట్ రచన, ఓపస్ (రచన సంఖ్య) 5లో నాలుగోది తీసుకోండి. మొత్తం 13 బార్లు. పైన 'చాలా నెమ్మదిగా' అని జర్మన్‌లో ఉంటుంది.

ఇక్కడ వేలితో తట్టడానికి చెల్లో చక్రం లేదు. అందుకని ముందు నిశ్శబ్దాలను కొలవండి: శబ్దం ఎక్కడ ఆగింది, ఎన్ని సెకన్లు ఆగింది. ఇక్కడి వేగం ఆ ఎడాల్లో తెలుస్తుంది. శ్రుతిగా పట్టుకునే స్వరం కూడా లేదు, 'ఊఁ' పరీక్షలో ఏ స్వరమూ గెలవదు. దానికి బదులు పైకి ఎగసే ఏడు స్వరాల చిన్న పదం ఒకటి వెతకండి. మూడుసార్లు వస్తుంది, ప్రతిసారీ వేరే వాద్యంలో, వేరే ఎత్తు నుంచి. మొదట రెండో వయొలిన్‌లో, తర్వాత వయోలాలో, చివర మొదటి వయొలిన్‌లో. కీ గడిలో రాయాల్సింది ఆ పదమే, అది మొదలయ్యే మూడు స్వరాలతో సహా.

మూడ్ గడి మాత్రం వారం రోజులు ఖాళీగా ఉంచి, ఆ మూడోసారి వచ్చే పదం తర్వాత గదిలో ఏం మిగిలిందో విన్నాక నింపండి.